బస్సులో వదిలేయాల్సినవి

అక్షరాలు కాస్త చిన్నవిగా రాసినా బాగుండేది. నల్ల మార్కరుతో, కొత్తగా పలక పట్టిన పిల్లాడు దిద్దినట్టు, తెల్ల టేపు మీద ఇంత లావున రాసి పెట్టాడు ట్రేస్. తలనొప్పి, శుక్రవారం నుంచి, తగ్గట్లేదు. అంతే, మూడు ముక్కలు. స్టీరింగు వెనక, పెట్రోలు ముల్లుకి కాస్త పైన, మిగతా ఏడు టేపు ముక్కల మధ్య అతికించి ఉంది. మెస్కల్ ఫ్లాట్ ఊరు దాటి ఐదు మైళ్ళు వచ్చి రోడ్డు పడమటికి తిరిగి, నవంబరు ఎండ అద్దంలోంచి డాష్‌బోర్డు మీద పడేదాకా వెండెల్ కాట్రెల్ దాన్ని చూడలేదు. చూశాక ఇక వేరే ఏదీ చూడలేకపోతున్నాడు. రోడ్డు చూడవయ్యా, వెనక పన్నెండు మంది ప్రాణాలున్నాయి, రోడ్డు చూడు అనుకున్నాడు. పన్నెండు కాదు, ఎనిమిది. ఆరుగురు పిల్లలు, భుజం ఎముక విరిగి చెయ్యి మెడకి వేలాడదీసుకున్న ఏడోవాడు, కోచ్. అరవై ఒక్క ఏళ్ళొచ్చాయి, లెక్క కూడా తప్పుతోంది. జట్టుకి ఆరుగురు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఆరుగురే మిగిలారు. ఆ ఆరుగురిలో బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేవాడు ట్రేస్ మాబ్రీ. వాడు లేకపోతే ఐదుగురు. ఐదుగురితో ఆట లేదు.

వాటిని చదివేది దేవుడొక్కడేరా, నేను ఉత్త డ్రైవర్ని, అని చెప్పింది తనే. ప్రతి శుక్రవారం బస్సు కదిలే ముందు బట్టలు మార్చుకునే గదిలో ఊరి పాస్టరుగా పది నిమిషాలు వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, చీలమండలకి చుట్టే టేపు చుట్ట అందుకుని తలా ఒక జానెడు ముక్క చింపి ఇస్తాడు. నువ్వు మొయ్యలేనిది దాని మీద రాయి, బస్సులో అతికించు, మైదానంలోకి తీసుకెళ్ళకు. రాసింది ఎవడూ ఎవడికీ చెప్పకూడదు. ఆట అయ్యాక ఆ ముక్కలన్నీ పీకి ఇంటి పొయ్యిలో వేస్తాడు. ఇదీ పద్ధతి. నాలుగేళ్ళుగా ఒక్క శుక్రవారం తప్పలేదు. చదవనని చెప్పాడు గానీ, ముక్కుకి మూరెడు దూరంలో ఉన్నది చదవకుండా డెబ్బై మైళ్ళు నడపడం ఎవరి తరం. ప్రతి వారం చదివాడు. నోరు మాత్రం ఎప్పుడూ విప్పలేదు, భార్య నడీన్ దగ్గర కూడా. ఇవాళ మతియో రాసింది ఫిజిక్స్ పరీక్ష అని. వాడు ప్రతివారం అదే రాస్తాడు, దేవుడు కూడా విసిగిపోయి ఉంటాడు. ఒకడు అమ్మ కొత్త మొగుడు అని రాశాడు. ఒకడు భయం అని రాసి కొట్టేసి మళ్ళీ భయం అనే రాశాడు. కోచ్ ఎస్కమీయా ఉద్యోగం అని రాశాడు. ఆయన సరిగ్గా తన వెనక సీట్లో కూర్చుని కాగితాల మీద గీతలు గీస్తున్నాడు, పెన్సిలు చప్పుడు వినిపిస్తోంది. తల కొంచెం వెనక్కి తిప్పి కోచ్ అని పిలిస్తే చాలు. మొక్కజొన్న గిడ్డంగి దాటాక చెబుదాం అనుకున్నాడు వెండెల్. గిడ్డంగి వచ్చింది, ఎండలో తెల్లగా మెరిసింది, వెనక్కి పోయింది.

పక్క అద్దంలో ఊరు ఊరంతా వెనకాలే వస్తోంది. పికప్పులు, గొడ్ల ట్రెయిలరు తగిలించుకునే పెద్ద బండ్లు, ముసలి మిసెస్ డన్ మరీ కారు, అన్నిటికీ పట్టపగలు లైట్లు వేసి, కిటికీల్లో ఎర్ర జెండాలు కట్టి. ముప్ఫై ఒక్క ఏళ్ళ తరవాత ప్లేఆఫ్ ఆట. ఇవాళ ఊళ్ళో దొంగలు పడితే వాళ్ళకి అడ్డు చెప్పేవాడు లేడు. ఆ వరసలో ఎక్కడో నడీన్ ఉంది, ఒళ్ళో ఉడకబెట్టిన గుడ్ల పళ్ళెం పెట్టుకుని, బ్రేకు వేసిన ప్రతిసారీ ఎవర్నో కోప్పడుతూ. ట్రేస్ వాళ్ళ అమ్మ జోనెల్ ఉంది. ఆమె పని చేసే వృద్ధాశ్రమంలో సెలవు ఇవ్వం అంటే, ఇవాళ పని మానేస్తే మానేశానండీ, వచ్చాక తీసేయండి అని చెప్పి వచ్చిందట. వీళ్ళందరూ ఆదివారం తన గుళ్ళో కునికిపాట్లు పడేవాళ్ళే. ఇరవై రెండేళ్ళ క్రితం ఈ ఊరికి వచ్చినప్పుడు ముప్ఫై నలుగురు ఉండేవాళ్ళు సంఘంలో, ఇప్పుడు నలభై. అంటే ఇరవై రెండేళ్ళలో దేవుడి కోసం తను సంపాదించింది ఆరుగురిని, అందులో ఇద్దరు పెళ్ళి కుదిరి వచ్చినవాళ్ళు. కానీ శుక్రవారం వేరు. శుక్రవారం ఆ చెమట వాసన గదిలో, ఒక మోకాలు నేలకి ఆనించి, హెల్మెట్ చేత పట్టుకుని ఆ పిల్లలు తన మొహంలోకి చూసే చూపు ఏ ఆదివారమూ చూడలేదు. ఆకలిగా ఉన్నవాళ్ళు అన్నం కేసి చూసినట్టు చూస్తారు. అది తనకి ఇష్టం. ఇష్టం అనే మాట చాలదు, దాని కోసమే వారమంతా బతుకుతున్నాడు, ఇంతవరకు ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు గానీ.

టేపు ముక్క ఎలా మొదలైందో ఊరంతా కథలా చెప్పుకుంటారు. నాలుగేళ్ళ క్రితం లైల్ అనే కుర్రాడి తండ్రి ట్రాక్టరు కింద పడి పోయాడు, మంగళవారం పూడ్చారు, శుక్రవారం వాడు ఆడతానని వచ్చి కూర్చున్నాడు. బంతి చేతికిస్తే నిలవడం లేదు. ఏం చెప్పాలో తోచక వెండెల్ అక్కడ బల్ల మీదున్న టేపు చింపి, మీ నాన్న పేరు రాయరా, రెండు గంటలు నా బస్సులో కూర్చోబెట్టు, నేను చూసుకుంటాను అన్నాడు. అంతకుముందు ఆలోచించింది కాదు. ఎవరో నోట్లో పెట్టి అనిపించినట్టు అనేశాడు. లైల్ ఆ సాయంత్రం ఐదుసార్లు బంతితో గీత దాటి పాయింట్లు తెచ్చాడు. ఆట అయ్యాక బస్సెక్కి టేపు మీద చెయ్యి పెట్టి బావురుమన్నాడు. అప్పటినుంచి అది ఆనవాయితీ అయింది. పనిచేసింది కదా. ఎందుకు పనిచేసిందో తనకి తెలీదు, అసలు పనిచేసింది తన మాటో, దేవుడో, పదిహేడేళ్ళ వయసో. పనిచేసేదాన్ని ఎవరూ విప్పి చూడరు. దుఃఖాన్ని రెండు గంటలు బస్సులో కూర్చోబెట్టొచ్చు, భయాన్ని కూర్చోబెట్టొచ్చు, అమ్మ కొత్త మొగుణ్ణి కూడా కూర్చోబెట్టొచ్చు, పీడా పోయింది. తలకాయని ఎలా కూర్చోబెడతాం. అది మెడ మీద ఉంటుంది కదా. ఇంత చిన్న సంగతి ఆ గదిలో ఒక్కరికి, పెద్దవాళ్ళకి కూడా, ఎందుకు తట్టలేదు. నొప్పి అని రాసినవాళ్ళు ఇంతకుముందు ఉండలేదా. ఉన్నారు. మోకాలు అని ఒకడు రాశాడు, పక్కటెముక అని ఒకడు. చదివాడు. ఆహా, ఎంత విశ్వాసం అనుకుని మురిసిపోయాడు.

పైన అద్దంలో ట్రేస్ కనిపిస్తున్నాడు, ఎడమవైపు నాలుగో సీటు, కిటికీ పక్కన కాదు, నడవ వైపు. టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. వాడు కళ్ళు మూసుకుంటే బస్సంతా గొంతులు తగ్గించేస్తుంది, ప్రార్థన చేసుకుంటున్నాడని. వాడి వెనక మతియో ఎవడి చిప్స్ పొట్లమో లాక్కున్నాడు. ఒరేయ్ తిండిపోతా, అది మా అమ్మ నాకు కట్టిచ్చింది. మీ అమ్మకి నేనంటే ఇష్టంరా, నీ మీద జాలితో నిన్ను పెంచుతోంది. నెమ్మదిరా, ట్రేస్ ప్రార్థనలో ఉన్నాడు అన్నాడు ఇంకొకడు. వెంటనే గుసగుసలు. పొట్లం చప్పుడు కూడా ఆగిపోయింది. ఈ వారమంతా ఇలాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు కదూ. పోయిన శుక్రవారం ఆ దెబ్బ, హెల్మెట్‌కి హెల్మెట్ కొట్టుకున్న చప్పుడు బెంచీల దాకా వినిపించింది, లేచాడు, నడిచాడు, నేరుగా వెళ్ళి అవతలి జట్టు గుమిగూడిన చోట వాళ్ళతో పాటు వంగి నిలబడ్డాడు. అవతలి పిల్లలు నవ్వుతూ భుజాలు పట్టి తిప్పి పంపారు. జనం పగలబడి నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు, కళ్ళలో నీళ్ళొచ్చేలా. కోచ్ అడిగాడు, బాగున్నావా. బాగున్నాను సార్. వేళ్ళెన్నో చెప్పు. మూడు సార్. సరే పద. ఆదివారం గుళ్ళో చందా పళ్ళెం పట్టుకుని వెళ్ళిన ట్రేస్ ఒకే వరసకి రెండుసార్లు పట్టాడు. ముందు ఇచ్చిందేదో చాల్లేదు కాబోలు అని ముసలివాళ్ళు నవ్వుకుంటూ మళ్ళీ వేశారు. బుధవారం భోజనాల దగ్గర నువ్వే ప్రార్థన చెయ్యి ట్రేసూ అంటే లేచి, నాలుగేళ్ళ వయసు నుంచి చెప్పే నాలుగు వాక్యాల్లో రెండు చెప్పి ఆగిపోయి, ఆమెన్ అన్నాడు. క్లుప్తంగా చేశాడు, మనం నేర్చుకోవాలి అన్నాడు కోచ్. అందరూ నవ్వారు. ఈ వారంలో ఆ పిల్లాణ్ణి చూసి ఊరు ఎన్నిసార్లు నవ్విందో.

వాగు వంతెన దాటాక చెబుదాం. ఏమని చెబుతాడు. ఎస్కమీయా ఈ మాట వింటే ఆపేస్తాడు, అందులో అనుమానం లేదు, ఆయన మంచివాడు. అందుకే చెప్పడం కష్టంగా ఉంది. చెప్పాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు. వచ్చే ఏడు ఈ బడిని నలభై మైళ్ళ అవతలి బడిలో కలిపేస్తామంటున్నారు. గెలిస్తే ఆగుతుందని ఎవరూ అనలేదు, కానీ ఊరు అలాగే నమ్ముతోంది. నమ్మించింది ఎవరు. మూడు వారాలుగా శుక్రవారం శుక్రవారం నువ్వే గదా ఎర్ర సముద్రం చీలినట్టు మనకీ దారి చీలుతుందని చెబుతూ వచ్చావు. ఎందుకీ గోల, పిల్లాడు స్వయంగా ఆడతానంటున్నాడు, దేవుడికి అప్పజెప్పుకున్నాడు, మధ్యలో నువ్వెవరు. తలనొప్పి మాత్ర వేసుకుని ఉంటాడు. ఆట సాగేది రెండు గంటలు, నలభై అయిదు పాయింట్లు తేడా వస్తే మధ్యలోనే ఆపేస్తారు, ముందే బోలెడు కొట్టేస్తే తొందరగా అయిపోతుంది, రేపు పొద్దున్నే తనే డాక్టరు దగ్గరికి తీసుకెళతాడు. రేపు అనే మాట దగ్గర మనసు మొరాయించింది. కోచ్‌కి చెప్పకుండా ఆపుతున్నది ఒకటే, మాట తప్పడం. దేవుడికీ వాడికీ మధ్య ఉన్నదాన్ని బయటపెట్టడం. ఒక్కసారి చెబితే ఇక ఏ పిల్లాడూ ఏ ముక్క మీదా నిజం రాయడు. ప్రభువా, ఏదైనా ఒక గుర్తు చూపించు అనుకున్నాడు, అనుకుని సిగ్గుపడ్డాడు. గుర్తులు అడుక్కోవద్దురా అని ఆ పిల్లలకి సెప్టెంబరులో చెప్పింది ఎవరు. వంతెన వచ్చింది. కింద చుక్క నీళ్ళు లేవు, ఇసుక, ఒక టైరు. వంతెన పోయింది. కాట్రెల్ గారూ, మీకు దాహంగా ఉందా, అద్దంలో తెగ చూస్తున్నారు అన్నాడు వెనకనుంచి కోచ్. లేదు కోచ్, ఎండ అన్నాడు. అబద్ధం కాదు, ఎండ ఉంది. ఇన్నేళ్ళ పాస్టరుగిరీలో ఇలాంటి నిజాలు చెప్పడం బాగా వచ్చింది.

పత్తి కోసేసిన చేలు, రోడ్డు పక్క గడ్డికి అంటుకున్న దూది, లారీ అంత పత్తి దిమ్మలు వరసగా. ఒక చోట చమురు తోడే యంత్రం తల వంచుతూ ఎత్తుతూ, వంచుతూ ఎత్తుతూ. తలే. ఇవాళ చూసిందల్లా తలే. కంచె అవతల గొడ్లు నీళ్ళు తాగే రేకు తొట్టి చుట్టూ నిలబడి ఉన్నాయి, అది చూడగానే మాబ్రీల పొలం గుర్తొచ్చింది. గుళ్ళో బాప్తిస్మపు తొట్టి కారిపోతోందని ఆ ఏడు వాళ్ళ గొడ్ల తొట్టి కడిగి నీళ్ళు పట్టారు, ఏప్రిలు, నీళ్ళు చల్లగా కోసేస్తున్నాయి. తొమ్మిదేళ్ళ ట్రేస్ చొక్కాతోనే దిగాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయ్యగారూ, ముక్కు నేను మూసుకోవాలా, మీరు మూస్తారా అని అడిగాడు. నేను చూసుకుంటాలేరా అన్నాడు. ఒక చెయ్యి వీపు కింద, ఒక అరచెయ్యి తల కింద. పెద్దవాళ్ళు వెనక్కి వాలేటప్పుడు మెడ బిగిస్తారు, ఎంత నమ్మినా కొంచెం బిగిస్తారు, వెండెల్ చాలామందిని ముంచాడు, చేతికి తెలుస్తుంది. ఈ పిల్లాడు బిగించలేదు. తల మొత్తం బరువు అరచేతిలో వదిలేశాడు. ఇంత బరువా పిల్లాడి తల అని ఆశ్చర్యపోయాడు అప్పుడు. నీళ్ళ కింద కళ్ళు తెరిచే ఉన్నాయి, తన కేసే చూస్తున్నాయి. ఇప్పుడు అదే తలని ఈ బస్సులో మోసుకుపోయి గంటలో అవతలివాళ్ళ హెల్మెట్లకి అప్పజెప్పబోతున్నాడు, దేవుడి పేరు చెప్పి. వాడు ఈ ముక్క దేవుడికి రాయలేదు. రాశాననుకున్నాడు గానీ, వారం రోజులుగా ఎవరికీ చెప్పుకోలేక, చెప్పుకోవడానికి జానెడు టేపు తప్ప ఇంకేమీ ఇవ్వని ఒక పెద్దమనిషికి రాశాడు. కాలు తనంతట తనే బ్రేకు మీద పడింది.

రోడ్డు పక్కన సిమెంటు బల్లలు, ఒక ఎండిన మెస్కీటు తుమ్మ చెట్టు ఉన్నచోట బస్సు ఆగింది. వెనక డెబ్బై బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఏమైంది, టైరా, అని లేచాడు కోచ్. వెండెల్ బెల్టు విప్పుకుని నడవలోకి నడిచాడు. నాలుగో సీటు దగ్గరికి పదడుగుల దూరం కూడా లేదు. ట్రేస్ పక్కన, నడవకి అవతలి సీట్లో కూర్చున్నాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ట్రేస్ కళ్ళు తెరిచాడు. అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. "అది దేవుడికి రాసింది అయ్యగారూ. మీకు కాదు."

"అవును. నేను చదివాను. నాలుగేళ్ళ నుంచీ అందరివీ చదువుతున్నాను."

"అందరివీనా," అన్నాడు వెనకనుంచి మతియో, నోట్లో చిప్స్ నమలడం ఆపి.

"అందరివీరా. నీ ఫిజిక్స్‌తో సహా." ఎవరూ నవ్వలేదు. వెండెల్ లేచి నిలబడ్డాడు, వాళ్ళందరికీ వినబడాలని, కానీ శుక్రవారపు గొంతు రాలేదు, ఉత్త ముసలివాడి గొంతు వచ్చింది. "కోచ్, వీడికి వారం నుంచి తల నొప్పిగా ఉంది. ఆ దెబ్బ తగిలిన దగ్గర్నుంచి. నాకు రాసిచ్చాడు. నొప్పి బస్సులో వదిలేసి వెళ్ళండిరా అని మీకు చెప్పాను చూశారూ, అది నేను తప్పు చెప్పాను. తెలిసీ తెలియక చెప్పాను. వదిలేస్తే పోయేది కాదు అది."

ఎస్కమీయా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ట్రేస్ మొహం కేసి చూశాడు. "మనం ఆరుగురమే ఉన్నాం కాట్రెల్ గారూ," అన్నాడు. తెలుసు కోచ్ అన్నాడు వెండెల్. తెలుసని తెలుసు అన్నట్టు తలాడించి, కోచ్ మెట్ల వైపు తిరిగాడు, కింద జనం దిగుతున్నారు, ఇవాళ ఆట లేదని వాళ్ళకి చెప్పాలి. భయం అని రాసిన కుర్రాడు ముందు సీటుని కాలితో తన్నాడు, మళ్ళీ తన్నాడు, తరవాత ఏడ్చాడు. నాకేం కాలేదు, ఆడగలను, మీరే గదా చెప్పారు, మీ మాట నమ్మే గదా రాశాను అంటున్నాడు ట్రేస్, గొంతు ఎత్తకుండా, ఎత్తితే ఎక్కడ పగిలిపోతుందో అన్నట్టు. ఆడి ఉంటే ఏం జరిగేదో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఏమీ జరక్కపోయేదేమో. గెలిచి వచ్చేవాళ్ళేమో, బడి నిలబడేదేమో, తను చచ్చేదాకా ఊరు ఆ మాటే అంటుంది, గుళ్ళో నలభై మంది పది మందవుతారు. కిటికీలోంచి జోనెల్ పరిగెత్తుతూ రావడం కనిపించింది, ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు. వెండెల్ మళ్ళీ ట్రేస్ పక్కన కూర్చున్నాడు, ఇంకెక్కడ కూర్చోవాలో తెలియక. తిట్టినా, కొట్టినా పడదామని కూర్చున్నాడు.

ట్రేస్ టోపీ తీసేశాడు. వెనక పిల్లలకి వినబడకుండా ఇటు వంగాడు.

"అయితే ఇప్పుడు తల పట్టుకోవచ్చా అయ్యగారూ?"

పట్టుకో నాన్నా అన్నాడు వెండెల్. ట్రేస్ రెండు చేతులతో తల పట్టుకుని, నుదురు ముందు సీటుకి ఆనించి, ఏడు రోజుల తరవాత మొదటిసారి పైకి మూలిగాడు.